గ్రీజు వేలు పడిన తెల్ల బిళ్ళ

నా పేరు కాగితం పైభాగంలో రాసుకున్నారు. ఆ పేరు చెబితే మా వీధిలో సగం మందికి నేనెవరో తెలియదు, అందుకని పక్కన బిళ్ళలత్త అని కూడా రాయించాను. వయసు యాభై తొమ్మిది. వృత్తి కుట్టుపని. భర్త పోయాడు, పిల్లలు లేరు. మా చర్చిలో సేవ చేసేవాళ్ళ హాజరు చూసే బాధ్యత పదకొండేళ్ళుగా నాది. దానికి జీతం లేదు. జీతం ఉన్న పనికన్నా శ్రద్ధగా చేస్తాను. ఈ చివరి మాట అవసరం లేదని రాసుకుంటున్న ఆయన అన్నారు. అవసరమేనని చెప్పి రాయించాను.

ఈ స్టేషనుకి బుధవారం ఉదయం పదకొండు గంటలకి నా అంతట నేనే వచ్చాను. నన్ను ఎవరూ పంపలేదు. మీ లాకప్పులో ఉన్న మెకానిక్ శనివారం మధ్యాహ్నం ఎక్కడున్నాడో చెప్పడానికి వచ్చాను. పనిచేస్తున్నంతసేపూ నట్లతోనూ బోల్టులతోనూ ఏదో ఒకటి మాట్లాడుతుంటాడు కాబట్టి అతన్ని మేమందరం గొణుగుడు అంటాం. శనివారం మూడు, నాలుగు గంటల మధ్య మార్కెట్ వీధిలోని విడిభాగాల షాపు అద్దం పగలగొట్టి సామాను ఎత్తుకుపోయాడని మీరు అతన్ని పట్టుకున్నారు. ఆ సమయంలో అతను మా చర్చిలో ఉన్నాడు. నా కళ్ళతో చూశాను.

ముందు బిళ్ళల సంగతి చెప్పాలి. అది వినకపోతే మిగతాది మీకు బుర్రకెక్కదు. ఆఫీసరుగారు క్లుప్తంగా చెప్పమన్నారు. క్లుప్తంగానే చెబుతాను, కానీ వదిలిపెట్టి చెప్పను.

మా చర్చి పక్క గుమ్మంలోంచి లోపలికి అడుగుపెట్టగానే గోడకి పెద్ద చెక్క పలక ఉంటుంది. వారంలో రోజుకొక వరస. వరసలో మేకులు, ఒక్కో మేకుకి ఒక్కో చెక్క బిళ్ళ. బిళ్ళకి రెండువైపులా మనిషి పేరు, అతను చేసే పని రాసి ఉంటాయి. ఒకవైపు ఎరుపు రంగు, రెండోవైపు తెలుపు. ఊడ్చేవాళ్ళు, కిటికీలు తుడిచేవాళ్ళు, పాటల పుస్తకాలు సర్దేవాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళని చూసివచ్చేవాళ్ళు, అందరికీ బిళ్ళలున్నాయి. పని పూర్తయ్యాక ఆ పని బిళ్ళని తెల్లవైపుకి తిప్పాలి. వచ్చినప్పుడు కాదు, మొదలుపెట్టినప్పుడు కాదు, పూర్తయ్యాక. సోమవారం ఉదయం నేను వెళ్ళి అన్నిటినీ మళ్ళీ ఎరుపువైపుకి తిప్పుతాను. ఆ పని నేను తప్ప ఇంకెవరూ చేయరు, చేయనివ్వను.

వరసగా మూడు వారాలు ఎవరి బిళ్ళ ఎర్రగానే ఉంటే వాళ్ళ బిళ్ళ తీసి బిస్కెట్ల డబ్బాలో వేస్తాను. మళ్ళీ కావాలంటే వాళ్ళే వచ్చి అడగాలి. ఈ రూలు పెట్టింది నేను. అంతకుముందు మా చర్చి ఎలా ఉండేదో మీరు చూడలేదు. చీపురు పట్టుకునేది నలుగురు ఆడవాళ్ళు, గొప్పలు చెప్పుకునేది ఊరంతా. అడిగితే అందరూ చేశామనేవాళ్ళు, చూస్తే బెంచీల కింద చెత్త చెత్తగానే ఉండేది. పలక వచ్చాక ఎవరి సంగతి వాళ్ళకే కనబడింది. ఒకసారి పాస్టరుగారి వదినగారి బిళ్ళ కూడా తీసేశాను. పాస్టరుగారు మెల్లగా వచ్చి, "అత్తా, కొంచెం చూసీ చూడనట్టు పోదామా" అన్నారు. "దేవుడు అలా పోతాడేమో కనుక్కుని రండి పాస్టరుగారూ, అప్పుడు నేనూ పోతాను" అన్నాను. ఆ తర్వాత ఆయన నా పలక జోలికి రాలేదు. పైగా వచ్చినవాళ్ళందరికీ తీసుకెళ్ళి చూపిస్తారు. మా అత్త పలక తప్పు చెప్పదు అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు పొంగుతుంది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

పలకని చేసింది వడ్రంగి బాబాయి. వరసకి బాబాయి కాడు, పెద్దవాడు కాబట్టి అలా పిలుస్తాం. చర్చిలో ఉన్న ప్రతి బెంచీ ఆయన చేతిదే. ఒక్క ఇనప మేకు వాడడు, అన్నీ చెక్క చీలలే. పలక తగిలించిన రోజు మొదటి బిళ్ళ ఆయనదే వేశాను, శనివారం వరసలో. పని, బెంచీల మరమ్మతు. పదేళ్ళపాటు ఆ బిళ్ళ ఒక్క వారం కూడా ఎర్రగా మిగల్లేదు.

పోయిన వానాకాలంలో ఆయన గుమ్మం దగ్గర జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. అప్పటినుంచి మంచం మీదే ఉన్నాడు. నేను చూడటానికి వెళ్ళినప్పుడు, "బాబాయ్, నీ బిళ్ళకి రూలు వర్తించదులే, లేచేదాకా అలాగే ఉంచుతాను" అన్నాను. ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు.

"నువ్వు రూలు పెడతానంటే పలక చేసిచ్చింది నేను. ఊరందరికీ ఒక రూలు, నాకొకటా?"

"అందరూ, నువ్వూ ఒకటేనా?"

"ఒకటే. మూడు వారాలైతే తీసెయ్. నామీద జాలిపడే పనైతే ఇంక ఈ గడప తొక్కకు."

పక్కన ఆయన భార్య, మేం పిన్ని అంటాం, నాకు కళ్ళతోనే సైగ చేసింది, వాదించొద్దని. నేను బయటికి వచ్చేశాను. ఆయన మాట ఆయన మాటే. నా రూలు నా రూలే. మూడో శనివారం సాయంత్రం చర్చికి బయల్దేరాను. పదేళ్ళ బిళ్ళని నా చేత్తో డబ్బాలో వేయాలి.

వెళ్ళి చూస్తే బిళ్ళ తెల్లగా ఉంది.

ముందు నాకు కోపం వచ్చింది. ఎవరో నా పలకతో ఆటలాడారనుకున్నాను. లోపలికి వెళ్ళి బెంచీలు చూశాను. కిటికీ పక్కన కాలు ఊగుతున్న బెంచీ ఒకటి ఉండేది, పట్టుకుని ఊపాను. కదల్లేదు. వంగి కిందకి చూశాను. చెక్క చీల ఉండాల్సిన చోట రెండు ఇనప బోల్టులు, స్కూటర్లకి వేసే రకం, నల్లగా మెరుస్తున్నాయి. వచ్చి బిళ్ళ మళ్ళీ చూశాను. తెల్లరంగు మీద గ్రీజు బొటనవేలు అచ్చుగుద్దినట్టు పడి ఉంది. మా చర్చిలో ఎంత తోమినా గ్రీజు వదలని చేతులు ఒకే ఒక్క మనిషివి.

ఎవరి పనైనా సరే, పని పూర్తయ్యాక బిళ్ళ తిప్పాలన్నది నా రూలు. ఆ బిళ్ళ ఫలానా మనిషే తిప్పాలని నేను పలక మీద రాయలేదు. బెంచీ మరమ్మతు జరిగింది, బెంచీ బిళ్ళ తెల్లబడింది. నేను చూసుకోవాల్సింది అంతే అనుకున్నాను. సోమవారం కొంచెం కిరోసిన్ తీసుకెళ్ళి ఆ వేలిముద్ర తుడిచేసి బిళ్ళని ఎరుపువైపుకి తిప్పాను. తర్వాత ప్రతి వారం అంతే. శనివారం బిళ్ళ తెల్లబడేది, దాని మీద వేలు పడేది, సోమవారం నేను తుడిచేదాన్ని. మెకానిక్ నాతో ఒక్క ముక్క చెప్పలేదు. నేను అడగలేదు. పిన్నికి మాత్రం తెలుసు, ఎందుకంటే బాబాయి పనిముట్లు ఇచ్చింది ఆవిడే. బాబాయికి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారట, ఈ సంగతి ఈరోజే తెలిసింది. ఒకసారి బాబాయి మంచం మీదనుంచే గోడవైపు తిరిగి, "తీశావా" అని అడిగాడు. "రూలు రూలే బాబాయ్" అన్నాను. నేను అబద్ధం ఆడలేదు.

ఇప్పుడు శనివారం సంగతి.

శుక్రవారం పాటల సాధనలో మా డోలు వాయించే ఆయన, మనిషి కాస్త భారీగా ఉంటాడు, మూడో వరస బెంచీ మీద కూర్చోగానే దాని వెనక కాలు విరిగింది. ఆయనకి దెబ్బ తగల్లేదు, సిగ్గు తగిలింది. అందరం చూశాం. శనివారం మధ్యాహ్నం రెండున్నరకి నేను చర్చి మేడ మీద గదిలో కుట్టుమిషను ముందు కూర్చున్నాను. వేదిక కర్టెన్లు కుడుతున్నాను. శనివారం పక్క గుమ్మం తాళం వేయరు, సేవకి వచ్చేవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. ఊడ్చేవాళ్ళు పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయారు. గంట కొట్టే తాత తాళాలు మేకుకి తగిలించి భోజనానికి ఇంటికి వెళ్ళాడు. మూడు గంటలకి కాస్త ముందు కింద ఎవరో వచ్చిన చప్పుడైంది. తర్వాత సుత్తి చప్పుడు. తర్వాత గొణుగుడు.

"రావే తల్లీ. ఎక్కడికి పోతావు. ఇదిగో, ఇటు, ఇటు తిరుగు. అలా అలిగితే ఎలా." ఇది బోల్టుతో అతను మాట్లాడిన మాట. నా మిషను ఆపి విన్నాను. కాసేపటికి, "బాబాయ్ చూస్తే నన్ను ఈ బెంచీకే కొట్టేస్తాడు" అని కూడా అన్నాడు. నాకు నవ్వొచ్చి దారం సూదిలోంచి జారిపోయింది.

నేను కిందికి దిగలేదు. ఎందుకు దిగలేదని ఆఫీసరుగారు అడిగారు. దిగితే చూడాలి. చూస్తే అడగాలి. అడిగితే అతను నీళ్ళు నమలాలి. అందుకని మెట్ల మీద చెప్పుల చప్పుడు కూడా చేయకుండా కూర్చున్నాను. కానీ మేడ మీద కిటికీలోంచి పెరట్లో కుళాయి కనబడుతుంది. నాలుగు గంటలు కావస్తుండగా అతను కుళాయి దగ్గరికి వచ్చి చేతులు కడుక్కున్నాడు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది, నాలుగుకి పది నిమిషాలు తక్కువ. నీలం చొక్కా వేసుకున్నాడు, కుడి మోచేతి దగ్గర చిరుగు ఉంది. ఆ చిరుగుని నేనే ఒకసారి కుట్టాను, మళ్ళీ అక్కడే చింపుకున్నాడు. చేతులు చొక్కాకే తుడుచుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు. నాలుగుంబావుకి పక్క గుమ్మం చప్పుడైంది. మూడుకి ముందు నుంచి నాలుగుంబావు వరకు అతను మా చర్చి ఆవరణ దాటలేదు. మార్కెట్ వీధి మా చర్చి నుంచి ఊరికి ఆ కొసన ఉంది.

అయిదున్నరకి నేను దిగి పలక చూశాను. బాబాయి బిళ్ళ తెల్లగా ఉంది, వేలిముద్రతో సహా. అదే వరసలో పక్కన మెకానిక్ సొంత బిళ్ళ ఉంది. అతని పని చర్చి వ్యాను కడిగి, గాలీ నూనే చూడటం. అది ఎర్రగా ఉంది. వరసగా మూడో వారం అది.

ఇది మీరు సరిగ్గా రాసుకోవాలి. ఈమధ్య అతని గ్యారేజీలో పని ఎక్కువైంది, శనివారం ఒక్క పూటే తెరిపి. ఆ పూటలో బెంచీ అయినా బాగుచేయాలి, వ్యాను అయినా కడగాలి. మూడు వారాలూ అతను బాబాయి బిళ్ళే తిప్పాడు. తన బిళ్ళ కూడా తిప్పేసి వెళ్ళిపోతే పట్టుకునే దిక్కులేదు, వ్యాను ఎక్కడో వెనక షెడ్డులో ఉంటుంది. తిప్పలేదు. వ్యాను కడగలేదు కాబట్టి తిప్పలేదు. సోమవారం తన బిళ్ళ డబ్బాలో పడుతుందని తెలిసి కూడా తిప్పలేదు. అలాంటి మనిషి ఒకరి షాపు అద్దం పగలగొట్టి సామాను ఎత్తుకుపోతాడా. ఇది సాక్ష్యం కాదు, నా అభిప్రాయం అని ఆఫీసరుగారన్నారు. అభిప్రాయం అనే రాసుకోండి, కానీ రాసుకోండి అన్నాను.

ఆ సాయంత్రమే ఆరు గంటల బస్సుకి నేను మా చెల్లెలి ఊరు వెళ్ళాను. దానికి కంటి ఆపరేషను. ఈరోజు పొద్దున్నే తిరిగివచ్చాను. బస్సు దిగేసరికి గంట కొట్టే తాత ఎదురొచ్చి సంగతంతా చెప్పాడు. శుక్రవారం మెకానిక్ ఆ షాపువాడితో నాసిరకం బ్రేకు తీగల గురించి గొడవపడ్డాడట. పదిమందిలో, "ఇలాంటివి అమ్మే షాపు పగలగొట్టినా పాపం లేదు" అని నోరు జారాడట. మరునాడు నిజంగానే ఎవరో పగలగొట్టారు. మీవాళ్ళు అతన్ని పట్టుకుని అడిగితే చర్చిలో ఉన్నానన్నాడు. చర్చిలో ఏం చేశావంటే నోరు కుట్టేసుకున్నాడు. ఆదివారం మీవాళ్ళు చర్చికి వచ్చి అడిగారు.

నేను నేరుగా పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"ఏం చెప్పారు మీరు?" అని అడిగాను.

"నేనేం చెబుతానత్తా. పలక చూపించాను. అతని బిళ్ళ ఎర్రగా ఉంది. అంటే రాలేదన్నమాటేనా అని అడిగారు. మా అత్త పలక తప్పు చెప్పదండీ అన్నాను."

పదకొండేళ్ళుగా నేను సంపాదించిన పేరు, విన్న ప్రతిసారీ ఒళ్ళు పొంగిన ఆ మాట, వెళ్ళి ఒక మంచి మనిషిని లాకప్పులో కూర్చోబెట్టింది. పాస్టరుగారి తప్పేమీ లేదు. నా పలక తప్పు కూడా లేదు. వ్యాను కడగలేదని చెప్పింది, అది నిజం. పక్క బిళ్ళ చూడమని ఎవరూ ఆయనకి చెప్పలేదు.

అక్కడనుంచి బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయనతో చెప్పకుండా ఆయన బిళ్ళ గురించి మీకు చెప్పడం నాకు మనసొప్పలేదు. జాలిపడితే గడప తొక్కొద్దన్న మనిషి. గడప తొక్కి, మంచం పక్కన కూర్చుని, ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. పిన్ని తలుపు పట్టుకుని నిలబడిపోయింది. బాబాయి మొట్టమొదట అడిగిన మాట ఇది.

"బోల్టులా?"

"అవును బాబాయ్."

"నా బెంచీలకి బోల్టులా? ఎన్నిటికి?"

"ఊగినవాటన్నిటికీ."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. నేను అరుపు కోసం కాచుకుని కూర్చున్నాను. అరవలేదు. కళ్ళు తెరిచేసరికి తడిగా ఉన్నాయి. "అయితే నా బిళ్ళ తీయలేదా నువ్వు" అన్నాడు.

"తీసే అవసరం రాలేదు. మొదటి రెండు వారాలు తప్ప ఒక్క వారం కూడా ఎర్రగా మిగల్లేదు."

"నా పేరు చెప్పడానికి భయపడి జైల్లో కూర్చున్నాడా ఆ వెధవ? నేనేమన్నా పులినా?"

"పులివే బాబాయ్" అన్నాను. పిన్ని ఏడుస్తూనే నవ్వింది.

"వాణ్ణి బయటికి తీసుకురా" అన్నాడు. "మంచం పక్కన కూర్చోబెట్టి చీలలు చెక్కడం నేర్పిస్తాను. ఒక్కొక్క బోల్టూ వాడి చేతే పీకిస్తాను. నా బిళ్ళ తీసుకెళ్ళి వాళ్ళకి చూపించు. నా మాట కావాలంటే ఆఫీసరుగారినే ఇక్కడికి రమ్మను, నేను లేవలేను గానీ నోరు బాగానే లేస్తుంది."

ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచివచ్చింది. ఎముక విరిగిన తర్వాత ఆయన గోడవైపు కాకుండా మనిషివైపు తిరిగి మాట్లాడటం అదే మొదటిసారి.

అక్కడినుంచి చర్చికి వెళ్ళి బాబాయి బిళ్ళ మేకు నుంచి తీసి, నా దగ్గరున్న తెల్లగుడ్డ ముక్కలో చుట్టి తీసుకొచ్చాను. అంచులు పట్టుకుని తీశాను, రంగు మీద వేలు పెట్టలేదు. పోయిన వారం సోమవారం నేను శుభ్రంగా తుడిచాను. ఈ సోమవారం ఊళ్ళో లేను కాబట్టి తుడవలేదు. మా చెల్లెలి కన్ను అలా కలిసొచ్చింది. ఆ వేలిముద్ర శనివారం పడిందే. ఆఫీసరుగారి బల్ల మీద విప్పి పెట్టాను. వాంగ్మూలం కింద సంతకం రానివాళ్ళ చేత వేలిముద్ర వేయిస్తారు కదా, అతను మీకు నోటితో చెప్పనిది ముందే వేలితో చెప్పి ఉంచాడు అన్నాను. ఆఫీసరుగారు బిళ్ళని దీపం కింద పెట్టి చూశారు. తర్వాత ఒక కానిస్టేబులుని చర్చికి పంపారు. అతను వచ్చేదాకా నా వాంగ్మూలం ఆపారు, టీ తెప్పించి ఇచ్చారు. మర్యాద చేశారని కూడా రాయించాను.

కానిస్టేబులు తిరిగివచ్చి చెప్పింది ఇది. మూడో వరస బెంచీ వెనక కాలికి కొత్త బోల్టులు ఉన్నాయి. మేడ గది కిటికీలోంచి పెరట్లో కుళాయి కనబడుతోంది. బెంచీ మీద కూర్చుని కూడా చూశాడట, గట్టిగా ఉందట. తాను స్కూటరు బాగుచేయించుకునేది కూడా ఈ మెకానిక్ దగ్గరేనని, ఆ బోల్టులు తాను గుర్తుపట్టానని అన్నాడు. మెకానిక్ వేలిముద్ర తీసుకుని బిళ్ళతో పోల్చి చూస్తామని ఆఫీసరుగారు నాతో చెప్పారు.

ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు. ఒకటుంది.

బిళ్ళ తీసుకోవడానికి ఈ పొద్దున చర్చికి వెళ్ళినప్పుడు పక్కనే మెకానిక్ బిళ్ళ చూశాను. శనివారం అయిదున్నరకి నేను చూసినప్పుడు ఎర్రగా ఉంది. ఆదివారం మీవాళ్ళు చూసినప్పుడు ఎర్రగా ఉంది. ఈరోజు తెల్లగా ఉంది. అతను శనివారం రాత్రి నుంచి మీ దగ్గరే ఉన్నాడు.

వెనక షెడ్డుకి వెళ్ళాను. వ్యాను కడిగి ఉంది. చక్రాలు, తలుపులు, ముందు దీపాలు, అద్దాల్లో కింది సగం తళతళలాడుతున్నాయి. పై సగం, పైకప్పు దుమ్ము పట్టి అలాగే ఉన్నాయి. చెయ్యి అందినంత మేర కడిగారు. బట్టల సబ్బు వాసన వేస్తోంది. మెకానిక్ ఎప్పుడూ బట్టల సబ్బుతో వ్యాను కడగడు. చక్రం పక్కన చిన్న పీట ఒకటి మర్చిపోయారు. ఆ పీట నాకు బాగా తెలుసు, వడ్రంగి బాబాయి చేసింది, పిన్ని దాని మీద ఎక్కితే తప్ప ఇంట్లో అల్మరా పై అర అందదు. పిన్ని నా భుజం దాకా వస్తుంది. పీట తీసి, పోతూ పోతూ ఆవిడ గుమ్మం లోపల పెట్టేశాను. ఆవిడతో ఒక్క మాట అనలేదు.

వ్యాను ఎవరు కడిగారని ఆఫీసరుగారు అడిగారు. నేను చూడలేదు, చూడనిది చెప్పను అన్నాను. లాకప్పులో ఉన్న మనిషి బిళ్ళ తెల్లబడితే ఇంక మీ పలకని నమ్మేదెలా అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. పని జరిగిందో లేదో నా పలక చెబుతుంది, ఎవరు చేశారో చెప్పడానికి నేనున్నాను అన్నాను. ఆ మాట రాసుకునేటప్పుడు ఆఫీసరుగారు నవ్వారు.

ఎరుపువైపుకి నేను ఇంకా తిప్పలేదు కాబట్టి ఆ వారం ఇంకా ముగియలేదు. వ్యాను కడిగారు, బిళ్ళ తెల్లబడింది. మూడు వారాలు పూర్తి కాలేదు. రూలు ప్రకారం అతని బిళ్ళ తీయాల్సిన పనిలేదు. ఇన్నేళ్ళూ వాళ్ళ చేత పని చేయిస్తున్నది నా రూలే అనుకున్నాను. నా రూలుకి దొరక్కుండా ఒకరి పని ఒకరు చేసుకుంటున్నారు, ఆ పని కూడా నా పలక మీదే లెక్కకొస్తోంది. ఇలాంటి మనుషుల హాజరు చూసేది నేనే. నాకంటే గొప్ప ఉద్యోగం ఈ స్టేషనులో ఎవరికీ లేదు. ఇది కూడా రాయండి అన్నాను, రాశారు.

ఇదంతా నేను చూసినది, విన్నది, నా చేత్తో తుడిచినది. ఎవరి బలవంతమూ లేదు, ఎవరి భయమూ లేదు. రాసినదాన్ని నాకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించారు. రెండు చోట్ల దిద్దించాను, మిగతాది నేను చెప్పినట్టే ఉంది. వడ్రంగి బాబాయి బిళ్ళని సాక్ష్యంగా అప్పగించాను. పని కాగానే శనివారం లోపు తిరిగి ఇవ్వాలి, ఖాళీ మేకుని నా పలక మీద నేను చూడలేను. తుడవకుండా ఇవ్వాలి. దాన్ని తుడిచేది నేను.

సంతకం పెట్టేముందు ఒక్కటి అడిగాను. ఈ తతంగం పూర్తయ్యేసరికి ఎంతసేపు పడుతుందో నాకు తెలియదు. ఈలోపు లాకప్పు వైపు వెళ్ళేవాళ్ళెవరైనా సరే గొణుగుడికి నా మాటగా ఒకటి చెప్పండి. బాబాయికి తెలిసింది, అరవలేదు. బోల్టులు మాత్రం పీకాలట. నీ బిళ్ళ తెల్లగా ఉంది, అత్త తీయలేదు.

సంతకం
బిళ్ళలత్త